విశ్వవిద్యాలయం ఎవరి దగ్గర కొంటున్నది?

మన విశ్వవిద్యాలయాల చరిత్రలు రాసినవారంతా శంకుస్థాపన ఫలకం దగ్గర మొదలుపెడతారు. ఫలకం మీద ప్రభువు పేరుంటుంది, లేదా మంత్రి పేరుంటుంది. ఆ తర్వాత ఉపకులపతుల వరుస, ఆచార్యులు, వారి గ్రంథాలు, పట్టాలు పుచ్చుకొన్న ప్రసిద్ధులు వస్తారు. కాని ఆ ఫలకం చెక్కిన రాయిని ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు కొన్నారు, ఆ డబ్బు చివరకు ఎవరి చేతికి చేరింది అనే సంగతి ఏ చరిత్రలోనూ కనిపించదు. అది స్టోర్సు గుమాస్తా చూసుకొనే వ్యవహారమనీ, చరిత్రకారుడికి దానితో నిమిత్తం లేదనీ అనుకోవడం మనకు అలవాటైపోయింది.

నా వాదన దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒక విద్యాసంస్థ ఎవరికి చదువు చెప్పింది అన్నది దాని చరిత్రలో సగం మాత్రమే. అది ఎవరి దగ్గర కొన్నది అన్నది తక్కిన సగం. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ సున్నం, సిమెంటు, కాగితం, కుర్చీలు, బియ్యం, చీపుళ్లు కొంటుంది. కాపలా కొంటుంది, ఊడ్చే చాకిరీని కూడా కొంటుంది. ఆ కొనుగోలు ఏ ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నదో, ఏ ఇళ్లను గుమ్మం బయటే నిలబెడుతున్నదో తెలుసుకోకుండా ఆ సంస్థ ప్రజలది అనడం తొందరపాటు. ఈ మాట నేను పుస్తకాల నుంచి మాత్రమే నేర్చుకోలేదు. ఒక కాగితం మీద చేసిన సంతకం నాకు నేర్పింది. ఆ సంగతి సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

నేను మణికొండలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడి నుంచి గచ్చిబౌలి వైపు పోతే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వస్తుంది. ఇంకా ముందుకు పోతే అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, ఆపైన హైదరాబాదు విశ్వవిద్యాలయం. మధ్యనంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు. పాతికేళ్ల కిందట ఇది బండరాళ్ల దిబ్బలున్న ఊరు. దాని పాత పేరు మణికొండ జాగీరు. హజరత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన భూమి ఇది అని ఒక వాదం, 1949 జాగీర్ల రద్దు తర్వాత ప్రభుత్వానికి సంక్రమించిన భూమి అని మరొక వాదం. 1654 ఎకరాల పైచిలుకు నేల గూర్చి ఏళ్ల తరబడి నడిచిన ఆ వ్యాజ్యంలో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. నేల ఎవరిదన్న ప్రశ్నను న్యాయస్థానాల దాకా తీసుకుపోయి తేల్చుకొన్నాం. ఆ నేల మీద లేచిన సంస్థలు ఏటేటా ఖర్చుపెట్టే డబ్బు ఎవరిదవుతున్నదన్న ప్రశ్నను మాత్రం ఎవరూ గట్టిగా వేయలేదు.

అయితే ఈ ప్రశ్న మన దేశానికి కొత్తది కాదు. తెలుగు నేల మీదనే ఒక రాతి సాక్ష్యం ఉన్నది. గుంటూరు సీమలో మందడం పక్కన ఉన్న మల్కాపురం శాసనం 1261 నాటిది. కాకతి రుద్రమదేవి కాలంలో గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర శివుడు తనకు దానంగా వచ్చిన గ్రామంలో నెలకొల్పిన సంస్థల వివరం అందులో ఉన్నది. ఆలయం, మఠం, విద్యాలయం, అన్నసత్రం, ప్రసూతిశాల అన్నీ కలిసిన సంస్థ అది. వేదాలు చెప్పే అధ్యాపకులను, తర్కసాహిత్యాలు చెప్పే అధ్యాపకులను, వైద్యుణ్ణి, లెక్కలు రాసే కరణాన్ని పేర్కొన్న ఆ శాసనమే కంసాలిని, కంచరిని, కమ్మరిని, కుమ్మరిని, వడ్రంగిని, రాతిపని వానిని, మేదరిని, మంగలిని కూడా పేర్కొన్నది. సంస్థకు వస్తువులూ సేవలూ అందించేవారిని పంతుళ్లతో పాటు ఒకే రాతి మీద ఎక్కించి, వారికి భూమిలో పాలు చూపింది.

ఇది చదివి పాతకాలమే మేలని నేను అనడం లేదు. ఆ పాలు పుట్టుకను బట్టి వచ్చిన పాలు. కుమ్మరి కొడుకు కుండ చేయక తప్పదు. అతడు ఆ విద్యాలయంలో తర్కం చదువుకొనే ప్రశ్నే లేదు. ఆయగాండ్ర పద్ధతి అంతా అటువంటిదే. కడుపుకు ఒక పిడికెడు గింజలు హామీ ఇచ్చి, మనిషిని ఆ పిడికెటికే కట్టివేసింది. ఆ కట్టు తెగడం చారిత్రకంగా ముందడుగు. మరి కట్టు తెగిన తర్వాత ఏం జరిగింది? పంతుళ్ల వరుసలోకి కుమ్మరి బిడ్డ, మాదిగ బిడ్డ రావడానికి మనం నూరేళ్లు పోరాడి చట్టాలు తెచ్చుకొన్నాం. సరఫరా చేసేవారి వరుసలో నుంచి మాత్రం అదే కుమ్మరి, అదే మేదరి నిశ్శబ్దంగా మాయమైపోయారు. ఆ స్థానంలోకి గుత్తేదారు వచ్చాడు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం కథ చూడండి. 1917లో ఫర్మానా వెలువడింది. 1919లో తరగతులు అద్దె ఇళ్లలో మొదలయ్యాయి. ఉర్దూ మాధ్యమానికి పుస్తకాలు కావాలి కనుక 1917లోనే అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది. భవనాల రచన కోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు నిపుణులను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసిరమ్మని పంపారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్టు జాస్పర్ వచ్చాడు. ఆర్ట్సు కాలేజీ భవనానికి 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న నిజాం దాన్ని ప్రారంభించాడు. ఆ గ్రానైటు గోడల ముందు నిలబడి గర్వపడని విద్యార్థి ఉండడు. జాస్పర్ పేరు మనకు తెలుసు. అయిదేళ్లపాటు ఆ రాతిని సుత్తితో, ఉలితో నునుపు చేసిన వారి పేరు ఒక్కటి కూడా మనకు తెలియదు. మల్కాపురం రాయి మీద రాతిపని వాడికి దొరికిన పాటి జాగా ఆధునిక విశ్వవిద్యాలయం రాయి మీద దొరకలేదు.

అదే కాలంలో ఉద్యోగాల విషయంలో మాత్రం ఎంతో జాగరూకత కనిపిస్తుంది. 1919 నాటి ముల్కీ నిబంధనలు సర్కారు నౌకరీలు స్థానికులకే చెందాలన్నాయి. ముల్కీ కానివాళ్లు వస్తున్నారని 1952లో ఉద్యమం లేచి, సెప్టెంబరులో హైదరాబాదు వీథుల్లో కాల్పులు జరిగి విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాలున్నాయి, కళాశాలల సీట్లున్నాయి, మిగులు నిధులున్నాయి, మంత్రి పదవులున్నాయి. 1969లో తెలంగాణా, 1972లో ఆంధ్ర ఇవే విషయాల మీద భగ్గుమన్నాయి. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ఆ ఆరింటిలో ఒకటి ఉన్నత విద్యావసతులు పెంచడానికి హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం స్థాపించడం. ఆ ప్రకారం 1974లో పార్లమెంటు చట్టం చేసింది. సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో విశ్వవిద్యాలయం మొదలై, తర్వాత గచ్చిబౌలికి తరలింది.

అనగా మా మణికొండకు కూతవేటు దూరంలో ఉన్న ఈ విశ్వవిద్యాలయం పుట్టిందే వాటా గూర్చిన తగాదాలో నుంచి. ఎవరి పాలు ఎంత అని రెండు ప్రాంతాలు కలబడితే, రాజీగా కట్టిన ఇల్లు అది. అంతటి చరిత్ర ఉండి కూడా ఆ ఒప్పందాల్లో ఎక్కడా ఒక్క మాట కనిపించదు: కంట్రాక్టులు ఎవరికి? గుమాస్తా ఉద్యోగం ఏ ఊరివాడికి పోయిందో వేళ్లు మడిచి లెక్కపెట్టాం. ఒక గుమాస్తా జీవితకాలపు జీతానికి ఎన్నో రెట్లు ఒక్క సంతకంతో ఒక్క కంట్రాక్టరుకు పోవడాన్ని లెక్కపెట్టలేదు. దీనికి కారణం లేకపోలేదు. ఆ ఉద్యమాలకు గొంతు ఇచ్చింది చదువుకొన్న మధ్యతరగతి. చదువుకొన్నవాడికి ఉద్యోగం కనిపిస్తుంది, టెండరు కనిపించదు. టెండరు ఎవరికి కావాలో వారికి గొంతు లేదు. ఎవరికి దక్కుతున్నదో వారికి గొంతు అవసరం లేదు.

ఇక ప్రభుత్వ కొనుగోళ్ల నియమాల సంగతి. వాటి మూలసూత్రం ఒక్కటే: అందరినీ పిలువు, అందరిలోకీ తక్కువ ధర చెప్పినవాడికి ఇయ్యి. వినడానికి ఇంతకన్నా న్యాయం లేదు. ఒకప్పుడు ఈ సూత్రం కూడా కాగితం మీదనే ఉండేది. కంట్రాక్టర్లు ముందుగానే కూడబలుక్కొని రింగు కట్టేవారు. కొత్తవాడు టెండరు పెట్టెలో కాగితం వేయబోతే మనుషులు అడ్డుపడేవారు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎలక్ట్రానిక్ టెండర్ల పద్ధతి ప్రవేశపెట్టడంతో పెట్టె దగ్గరి దౌర్జన్యానికి తావు తగ్గింది. ఈ మేలును నేను తక్కువ చేయను. కాని కంప్యూటరు మనిషి ముఖం చూడదని సంతోషించేవారు ఇంకొక సంగతి మరిచిపోతారు. అది ముఖం చూడదు గాని కాగితం చూస్తుంది. కాగితం ఉన్నవాడు ఎవడు, లేనివాడు ఎవడు అన్నది మన సమాజం ఎప్పుడో నిర్ణయించి పెట్టింది.

చిన్నవాడికి కొంత ఆసరా ఇవ్వాలన్న ఆలోచన స్వతంత్ర భారతంలో తొందరగానే వచ్చింది. 1955లో జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ ఏర్పడి, చిన్న కార్ఖానాలకు ప్రభుత్వ ఆర్డర్లు ఇప్పించడం తన పనుల్లో ఒకటిగా పెట్టుకొన్నది. అయితే చిన్నవాడు అన్నప్పుడు పెట్టుబడి పరిమాణమే చూశారు. కులం, స్త్రీత్వం లెక్కలోకి రాలేదు. ఆ మాట మొదట గట్టిగా వినిపించింది అమెరికాలో. నల్లవారి పౌరహక్కుల ఉద్యమం తర్వాత 1969లో అధ్యక్షుడు నిక్సన్ అల్పసంఖ్యాకుల వ్యాపారాలను ప్రోత్సహించే కార్యాలయం ఒకటి ఏర్పాటు చేశాడు. ప్రభుత్వమూ విశ్వవిద్యాలయాలూ కొనేటప్పుడు సరఫరాదారుల్లో వైవిధ్యం ఉండాలన్న సూత్రం అక్కడ పాదుకొన్నది. ఎదురుదెబ్బలూ అక్కడే తగిలాయి. రిచ్మండు నగరం తన కంట్రాక్టుల్లో 30 శాతం అల్పసంఖ్యాకులకు కేటాయిస్తే 1989లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1996లో కాలిఫోర్నియా ప్రజలు ఓటు వేసి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ప్రవేశాలతో పాటు ప్రభుత్వ కంట్రాక్టుల్లో కూడా జాతినిబట్టి, లింగభేదాన్నిబట్టి ప్రాధాన్యం ఇవ్వరాదని శాసనం చేసుకొన్నారు. గమనించవలసింది ఏమంటే, అక్కడి సమర్థకులకూ విరోధులకూ కూడా సీటూ, ఉద్యోగమూ, కంట్రాక్టూ మూడూ ఒకే వరుసలోవి అన్న తెలివిడి ఉన్నది. మనం మొదటి రెంటి దగ్గరే ఆగిపోయాం.

మన దేశంలో ఆ మూడోదాన్ని స్పష్టంగా అడిగింది 2002 జనవరి నాటి భోపాల్ ప్రకటన. దళిత మేధావులు అక్కడ సమావేశమై ప్రభుత్వమూ ప్రైవేటు సంస్థలూ దళితుల దగ్గర, ఆదివాసుల దగ్గర సరుకు కొనాలని కోరారు. పదేళ్లు గడిచిన మీదట కేంద్ర ప్రభుత్వం 2012 మార్చిలో ఒక ఆదేశం జారీ చేసింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ సాలీనా కొనుగోళ్లలో 20 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొనాలి. మొత్తంలో 4 శాతం షెడ్యూల్డు కులాల, తెగల వారి సంస్థల దగ్గర కొనాలి. 2015 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది. 2018లో 20ని 25 చేసి, స్త్రీలు యజమానులుగా ఉన్న సంస్థలకు 3 శాతం చేర్చారు. చిన్న సంస్థకు టెండరు ఫారం ఉచితం. ధరావతు సొమ్ము కట్టనక్కరలేదు. తక్కువ ధర పెద్ద కంపెనీ చెప్పినా, చిన్న సంస్థ ధర దానికన్నా 15 శాతం లోపు ఎక్కువ ఉంటే, ఆ తక్కువ ధరకే ఒప్పుకొన్న పక్షంలో సరఫరాలో కొంత భాగం చిన్న సంస్థకు ఇవ్వాలి. ప్రజాధనానికి ఒక్క పైసా నష్టం లేకుండా చేసిన ఏర్పాటు ఇది.

ఏర్పాటు బాగున్నది. మరి ఫలితం? చిన్న సంస్థల మొత్తం లక్ష్యం కొన్నేళ్లకు నెరవేరింది. షెడ్యూల్డు కులాల, తెగల 4 శాతం మాత్రం ఏళ్లు గడిచినా అందనంత దూరంలోనే నిలిచింది. దాన్ని సరిదిద్దడానికని 2016లో ప్రత్యేకంగా ఒక జాతీయ కేంద్రం స్థాపించవలసి వచ్చింది. ఆ సంవత్సరమే ఇంటర్నెట్టు మీద ప్రభుత్వ అంగడి కూడా తెరిచారు; 2017 సాధారణ ఆర్థిక నియమావళి అక్కడ దొరికే సరుకు అక్కడే కొనాలన్నది. అంగడి తెరిచినంత మాత్రాన బేహారి తయారు కాడు. సరుకు పెట్టడానికి రిజిస్ట్రేషను కావాలి, పన్ను నంబరు కావాలి, ఇంగ్లీషులో వివరాలు నింపేవాడు కావాలి, బిల్లు వచ్చేదాకా ఆగగల నిబ్బరం కావాలి.

విశ్వవిద్యాలయాల దగ్గరికి వచ్చేసరికి ఈ ఏర్పాటులో ఇంకా సందులున్నాయి. ఆదేశం రాసింది శాఖలను, ప్రభుత్వరంగ సంస్థలను ఉద్దేశించి. కేంద్రీయ విశ్వవిద్యాలయం స్వయంప్రతిపత్తి గల సంస్థ. దాని స్ఫూర్తిని ఎంతవరకు పాటించాలన్నది చాలావరకు అక్కడి అధికారుల చిత్తవృత్తిని బట్టి ఉంటుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఆ ఆదేశం వర్తించనే వర్తించదు. పైగా అది చెప్పింది సరుకులు, సేవల గూర్చి. పెద్ద డబ్బంతా ఉండే భవన నిర్మాణం పక్కనే ఉండిపోయింది. పొరుగున కర్ణాటక ఆ పని కూడా ముట్టుకొన్నది: 50 లక్షల లోపు పనుల్లో 24.1 శాతం షెడ్యూల్డు కులాలకు, తెగలకు కేటాయిస్తూ చట్టం చేసి, 2023లో ఆ హద్దును కోటికి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో, సేవల్లో సగం వెనుకబడిన తరగతులకు, దళితులకు, ఆదివాసులకు, మైనారిటీలకు. అందులోనూ సగం స్త్రీలకు అని శాసించింది. కనుక ఇది చేయరాని పని కాదు. విశ్వవిద్యాలయం అనే ప్రాంగణంలో దీన్ని గూర్చి ఎవరూ ఆలోచించలేదు, అంతే.

ఇప్పుడు నా సంతకం సంగతి.

నేను పనిచేసిన ఒక కళాశాలలో కొన్నేళ్ల కిందట నన్ను కొనుగోళ్ల కమిటీలో వేశారు. తెలుగు పంతులును ఎందుకు వేశారంటే, ఎక్కువ ప్రశ్నలు అడగడని కాబోలు. పారిశుధ్యం కంట్రాక్టు గడువు అయిపోయింది. కొత్త టెండరుకు మూడు కాగితాలు వచ్చాయి. రెండు ఏజెన్సీలవి, మూడోది అదే కళాశాలలో ఊడ్చే స్త్రీలు ఇరవై మంది కలిసి పెట్టుకొన్న సంఘానిది. వారిలో ఎక్కువమంది దళితులు. ఏజెన్సీకి పోయే కమీషను తమకే మిగిలితే నెల జీతం కొంచెం పెరుగుతుందని వారి ఆశ. టెండరు షరతుల్లో మూడేళ్ల టర్నోవరు ఇంత ఉండాలని, ఇటువంటి పని స్వయంగా చేసినట్టు అనుభవపత్రం ఉండాలని ఉన్నది. సంఘానికి రెండూ లేవు. కమిటీ వారి కవరులోని ధర చూడనే లేదు. అనర్హులు అని రాసిన కాగితం నా ముందుకు వచ్చింది; నేనూ సంతకం పెట్టాను.

మరునాడు వరండాలో ఆ సంఘం పెద్ద నన్ను ఆపింది. చేతిలో చీపురు అట్లాగే ఉన్నది.

"పన్నెండేండ్ల సంది ఈ వరండ ఊడ్సుడు నేనే గద సారూ. మరి నాకు అనుభవం లేదని ఎట్ల రాసిన్రు?"

"నియమం అట్లా ఉన్నదమ్మా" అన్నాను.

"నియమం రాసినోళ్లు ఎన్నడన్న ఊడ్సిన్రా సారూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తన పనికి పోయింది.

పన్నెండేళ్లు ఊడ్చింది ఆమె. పన్నెండేళ్ల అనుభవపత్రం ఏజెన్సీది. మన కొనుగోళ్ల వ్యవస్థ యావత్తూ ఈ రెండు వాక్యాల్లో ఉన్నది. శ్రమ ఒకరిది, ఆ శ్రమకు సాక్ష్యం మరొకరిది. ఆర్ట్సు కాలేజీ గోడ రాయి ఒకరు చెక్కితే ఫలకం మీద మరొకరి పేరు ఎక్కడమూ ఇదే.

ఆ తర్వాత నేను ఆ షరతులు ఎక్కడి నుంచి వచ్చాయో వెతికాను. ఎవరూ కుట్ర పన్ని రాసినవి కావు. అంతకు ముందటి టెండరులో ఉన్నాయి. దానికి ముందటి దానిలోనూ ఉన్నాయి. ఎవరో ఎప్పుడో పెద్ద సంస్థ టెండరు చూసి ఎత్తి రాశారు. తర్వాతివారు తేదీలు మార్చారు. కేంద్ర ప్రభుత్వం 2016లోనే చిన్న సంస్థల విషయంలో ముందటి టర్నోవరు, అనుభవం షరతులను నాణ్యతకు భంగం రాకుండా సడలించవచ్చునని చెప్పింది. సడలించవచ్చు. ఈ 'వచ్చు' అన్న క్రియ మీద వ్యాకరణం తెలిసినవాడిగా ఒక మాట చెప్పనివ్వండి. అది అనుమతి తెలుపుతుంది, విధి తెలపదు. 'వచ్చు' అన్నచోట అధికారి తనకు ఏది క్షేమమో అదే చేస్తాడు. తనిఖీకి వచ్చిన ఆడిటరు, షరతు ఎందుకు సడలించావని అడుగుతాడు గాని, ఎందుకు సడలించలేదని ఎన్నడూ అడగడు.

ఈ వాదానికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది, ధర పెరుగుతుందని. పైన చెప్పిన పద్ధతిలో తక్కువ ధరకు ఒప్పుకొంటేనే చిన్నవారికి సరఫరా దక్కుతుంది కనుక అది నిలవదు. పైగా ఇరవై మందిని ఒక పాతికమంది పోటీదారుల్లో చేర్చితే ధర తగ్గుతుందే గాని పెరగదు. రింగు కట్టేది కొద్దిమంది ఉన్నచోటనే. రెండోది, నాణ్యత పోతుందని. సీట్ల విషయంలో ఇదే మాట యోగ్యత పేరుతో దశాబ్దాలు విన్నాం. ఏజెన్సీ పంపే మనుషులే సంఘంగా వచ్చినప్పుడు వారి చేతిలో చీపురు నాణ్యత ఎట్లా పోతుందో నాకు బోధపడదు.

మూడోది నిజమైన ఆక్షేపణ: బినామీలు. దళితుడి పేరు, వెనుక పాత గుత్తేదారు పెట్టుబడి. స్త్రీ పేరు, సంతకం పెట్టేది భర్త. ఇది జరుగుతుంది. పంచాయతీల్లో సర్పంచి పదవి విషయంలో కూడా జరిగింది. అయినా పదవి కేటాయింపు రద్దు చేయమని బుద్ధిమంతులెవరూ అనలేదు. కాలక్రమాన నిజమైన సర్పంచులు లేచివచ్చారు. బినామీకి మందు పని ఎవరు చేస్తున్నారో, డబ్బు ఏ ఖాతాలో పడి ఎటు పోతున్నదో ఏటా బయటపెట్టడం.

నాలుగో ఆక్షేపణ మన మిత్రుల్లో నుంచే వస్తుంది. నలుగురు దళితులు కంట్రాక్టర్లయితే ఊడ్చే ఇరవై మందికి ఏం ఒరుగుతుంది, యజమాని కులం మారితే కూలి మారుతుందా అని వారు అడుగుతారు. ఈ ప్రశ్నను నేను తోసిపుచ్చను. యజమాని ఎవరైనా కనీసవేతనం, భవిష్యనిధి ఇవ్వకపోతే ఆ వైవిధ్యం గోడకు వేసిన సున్నం వంటిది. అందుకనే నేను వ్యక్తుల కన్నా శ్రమ చేసేవారి సహకార సంఘాలకు మొదటి చోటు ఉండాలంటున్నాను. అయితే వ్యాపారంలో అడుగుపెట్టడానికి దళితుడు అందరికన్నా ఎక్కువ పవిత్రుడై ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు. నూరేళ్లుగా ఒకే రకపు మనుషులు గుత్తేదార్లుగా ఉన్నప్పుడు లేవని ప్రశ్న, మరొకరు గుమ్మంలో కాలు పెట్టగానే లేవడం ఎందుకో మనల్ని మనం అడగవలసి ఉన్నది.

మరి చేయవలసింది ఏమిటి? చట్టం కోసం ఎదురుచూడకుండా ప్రతి విశ్వవిద్యాలయమూ రేపు ఉదయం చేయగలవి కొన్ని ఉన్నాయి. తోటపని, ఊడ్పు, కాపలా, భోజనశాల అన్నీ ఒకే మూటగా కట్టి టెండరు పిలిచేబదులు విడదీసి పిలవాలి. మూట పెద్దదయితే ఎత్తగలిగేది పెద్దవాడే. అనుభవం అన్నచోట సంస్థ అనుభవంతో పాటు అందులోని మనుషుల అనుభవాన్నీ లెక్కించాలి. టెండరు ప్రకటన తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఫారం ఎట్లా నింపాలో ఒక పూట కూర్చుని చెప్పాలి. బిల్లు సకాలంలో చెల్లించాలి. 2006 చట్టం చిన్న సంస్థకు 45 రోజులు మించి బాకీ పెట్టరాదని, పెడితే వడ్డీ కట్టాలని చెబుతున్నది. ఆరునెలలు ఆగగలవాడికే కంట్రాక్టు అన్న అప్రకటిత షరతు, ప్రకటిత షరతులన్నిటికన్నా క్రూరమైనది. చివరిది, అతి ముఖ్యమైనది: ఎవరి దగ్గర ఎంత కొన్నారో, అందులో స్త్రీల సంఘాలకు, దళితులకు, ఆదివాసులకు, చేతివృత్తులవారికి ఎంత చేరిందో ప్రతి ఏడాదీ ప్రచురించాలి. సమాచారం అడగకముందే తనంతట తాను బయటపెట్టే బాధ్యత 2005 చట్టంలోనే ఉన్నది.

సాహిత్యం చెప్పుకొని బతికేవాణ్ణి కనుక గ్రంథాలయం సంగతి కూడా కలుపుతాను. పుస్తకాలు కూడా సరఫరాయే. ఎక్కువ తగ్గింపు ఇచ్చే ఒకే వ్యాపారి దగ్గర పుస్తకాలన్నీ కొనే పద్ధతి ఉన్నచోట, తన డబ్బుతో అయిదువందల ప్రతులు అచ్చువేసుకొన్న పల్లెటూరి కవి పుస్తకం ఆ అలమరలోకి ఎన్నటికీ రాదు. పదేళ్ల తర్వాత ఆ కవి మీద పరిశోధన చేయడానికి వచ్చిన విద్యార్థికి పుస్తకం దొరకదు. అప్పుడు మనం ఆ సీమలో సాహిత్యం లేదని తీర్మానిస్తాం. కొనుగోలు నియమం సాహిత్యచరిత్రను కూడా రాస్తుంది.

మణికొండలో సాయంకాలం నడకకు పోతే ఇంకా అక్కడక్కడ పగలని బండలు కనిపిస్తాయి. మిగిలినవి పగిలి, కంకరై, పునాదులై ఈ మేడల కింద ఉన్నాయి. వాటిని పగలగొట్టినవారి జాడగా మాదాపూరు పక్కన ఒక బస్తీకి వడ్డెర బస్తీ అన్న పేరు మిగిలింది. ఇంత చదువూ ఇంత సంపదా లేచిన చోట వారికి దక్కినది ఆ పేరు.

ఏడువందల అరవై ఏళ్ల కిందటి మల్కాపురం రాయి పంతులునూ రాతిపని వాణ్ణీ ఒకే పలక మీద రాసింది. కాని వాణ్ణి పుట్టుకకు కట్టేసి రాసింది. మనం ఆ కట్టు తెంపి పేరు కూడా చెరిపేశాం. కట్టు లేకుండా పేరు రాయడం మన తరం పని. ఆ వరండాలో ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఆనాడు జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం కూడా జవాబు కాదు. ఇకముందు ఏ కమిటీలోనైనా షరతులు చదవకుండా సంతకం పెట్టనని మాత్రం ఆమెకు బాకీపడి ఉన్నాను. ఇది చదివే అధ్యాపక మిత్రుల్లో చాలామంది ఏదో ఒక కమిటీలో ఉండే ఉంటారు. వారు తమ ముందుకు వచ్చే తర్వాతి కాగితాన్ని ఒకసారి పూర్తిగా చదవాలని నా మనవి.